టీచరమ్మ మొహానికి కలిపిన పొడి

పంతొమ్మిదేళ్ళు వచ్చేదాకా నా మొహం అసలు రంగేమిటో నాకు సరిగ్గా తెలియదు. అద్దం లేక కాదు. మాది కౌల్ బజారులో ఫ్యాన్సీ అంగడి. అద్దాలు డజన్ల లెక్కన ఉండేవి, గుండ్రనివి, పలకలవి, వెనకాల నెమలి బొమ్మ అచ్చువేసినవి. తెలియకపోవడానికి కారణం పౌడరు. పొద్దున మొహం కడుక్కోగానే ఒక పూత వేసేదాన్ని. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు దాని మీద ఇంకొక పూత.

కంటోన్మెంటులో దొరలున్న రోజుల్లో వాళ్ళ ఆడవాళ్ళ కోసం తెప్పించిన సరుకు అది. లేత గులాబీ రంగు. డబ్బా మూత మీద మెడ పొడుగ్గా ఉన్న ఒక దొరసాని బొమ్మ. దొరలు వెళ్ళిపోయాక అక్కడి షాపువాడు దుకాణం ఎత్తేస్తూ మిగిలిన డబ్బాలను తెగనమ్ముతుంటే, మా నాయన వెళ్ళి ధరను సగానికి సగం విరిచి, గెలిచానని మురిసిపోతూ జట్కాలో వేసుకొచ్చాడు. తీరా తెచ్చాక తెలిసింది, బళ్ళారి ఎండకు కాగిన మొహాల మీద ఆ గులాబీ ఎవరికీ నప్పదని. ఒక్క డబ్బా కదల్లేదు.

అంగడివాళ్ళ ఇళ్ళలో ఒక పద్ధతి ఉంటుంది. అమ్ముడుపోయే సరుకును ఇంట్లో వాడరు. సొట్టపడిన డబ్బా, మూత పగిలిన సీసా, ఎండకు వెలిసిన రిబ్బను, ఎవరూ అడగని సరుకు, ఇవే గడప దాటి లోపలికి వస్తాయి. అలా ఊళ్ళో ఎవరికీ నప్పని పౌడరు, ఎవరికీ నప్పలేదు గనకనే, నా వంతుకు వచ్చింది. ఎనిమిదేళ్ళు పూశాను. డబ్బాలు తరుగుతున్నాయని నాయన సంతోషించేవాడు.

మా అమ్మ నాకు ఏడేళ్ళప్పుడు పోయింది. ఇంట్లో నేనూ నాయనా. ఆడపిల్ల మొహానికి ఏది రాయాలో, ఏది మానాలో నాకు చెప్పేవాళ్ళు లేరు. ఊరికి చెప్పేదాన్ని మాత్రం నేనే. ఐదో తరగతి అయ్యాక నాయన నన్ను బడి మాన్పించి గల్లా పక్కన పీట వేశాడు. ఆడవాళ్ళు అంగడి మెట్టు మీద నిలబడి, అటు చూసి ఇటు చూసి, "మా పక్కింటామెకు స్నో కావాల్నంట, ఏది బాగుంటుంది" అని అడిగేవాళ్ళు. పక్కింటామెకు మొటిమలున్నాయా అని నేను వాళ్ళ మొహంలోకే చూస్తూ అడిగేదాన్ని. ఫలానాది రాయమని ధైర్యంగా చెప్పేదాన్ని. నమ్మకం కుదరకపోతే "నా మొహం చూడండి" అనేదాన్ని. చూసేవాళ్ళు. చూసి, నిదానంగా వేరే రకం అడిగేవాళ్ళు. దాని అర్థం నాకు చాన్నాళ్ళకు గానీ తట్టలేదు.

బేరంలో నాకు మంచి పేరుండేది. అణా దగ్గర కూడా అరగంట లాగగలనని వీధిలో చెప్పుకునేవాళ్ళు. నాయన దాన్ని వ్యాపారం తెలివి అనుకునేవాడు. నిజం చెప్తే, బేరం తెగితే మనిషి వెళ్ళిపోతుంది. నా ఈడువాళ్ళంతా పెళ్ళిళ్ళు చేసుకుని చంకన బిడ్డలతో వచ్చి గాజులు కొనుక్కుని పోయేవాళ్ళు. నా పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే నాయన "అంగడి యెవరు చూస్తారప్పా" అని నవ్వేసేవాడు. రోజుకు ముప్పైమంది ఆడవాళ్ళతో మాట్లాడేదాన్ని. ధర గాక వేరే మాట మాట్లాడిన రోజు ఒకటీ గుర్తులేదు.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన కొన్నేళ్ళకు, ఒక ఎండాకాలం ముగిసి బడులు తెరిచిన రోజుల్లో, టీచరమ్మ మొదటిసారి మా అంగడికి వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలు. ఆ వేళకు బజారులో కుక్కలు కూడా తిరగవు. నాయన లోపల గోనె పరిచి కునుకు తీస్తున్నాడు. ముప్పై దాటిన మనిషి, ధారవాడ వైపు కన్నడమామె, బాలికల బడికి ఆ ఏడే వచ్చింది, గాంధీనగర్‌లో ఒక గది తీసుకుని ఒక్కతే ఉంటోందని నాకు ముందే తెలుసు. ఊళ్ళోకి కొత్త మనిషి ఎవరు వచ్చినా అంగళ్ళకు ముందు తెలుస్తుంది. అంత ఎండలో కొంగును ఎడమ చెంప మీదుగా లాక్కుని ఉంది.

"పౌడరు తోరిసమ్మా, చూపించు. మరీ తెల్లది బేడ, వద్దు. కొంచెం చామనది ఉందా?"

చామనది లేదు. గులాబీది తీశాను.

"ఇది పెద్దింటి సరుకు టీచరమ్మా. ఈ ఊర్లో ఇంకెవరి దగ్గరా దొరకదు" అన్నాను. అది అబద్ధం కాదు. దాన్ని కొనేంత తెలివితక్కువవాళ్ళు ఇంకెవరూ లేరు.

"ఎంత?"

"పద్నాలుగణాలు."

"ఏడు."

"ఏడణాలకైతే డబ్బా ఇస్తా, పౌడరు ఈడే వంపిపోండి."

ఆమె మూత మీది దొరసానిని కాసేపు చూసింది. "ఈమె మొహానికి ఏడే ఎక్కువ" అంది. నాకు నవ్వొచ్చింది. తొమ్మిదికి ఇచ్చాను. ఆమె వెళ్ళాక నాయనను లేపి చెప్పాను, ఒక డబ్బా పోయిందని. ఆయన గోనె మీద లేచి కూర్చుని, "యెవరా మారాణి" అని అడిగాడు.

మూడో రోజు అదే వేళకు డబ్బా పట్టుకుని మళ్ళీ వచ్చింది. నేను సిద్ధంగా ఉన్నాను.

"మూత తీసినాక వాపసు తీసుకోము టీచరమ్మా."

"వాపసు అడగలేదు. ఇది నా మొహం మీద గోడకు సున్నం కొట్టినట్ల ఉంది. అది చెప్పిపోదామని వచ్చాను." కాసేపు నన్ను చూసింది. "నీ మొహం మీదా అట్లే ఉంది. నీకెవరూ చెప్పలేదా?"

సున్నం అన్నందుకు వచ్చిన కోపం చిటికెలో పోయింది. పోనిది రెండో మాట. నీకెవరూ చెప్పలేదా. నిజమే, చెప్పవలసినవాళ్ళు ఒకరుంటారన్నదే నాకు అప్పటిదాకా తోచలేదు.

ఆమె కొంగు పక్కకు తీసింది. ఎడమ దవడ మూల నుంచి పెదవి కొస దాకా తెల్లటి మచ్చ, చుట్టూ అంచులు విరిగి చిన్న చిన్న చుక్కలు. వేళ్ళ కణుపుల మీద కూడా. మా వైపు బొల్లి అంటారు. దాన్ని చూస్తే ఆడవాళ్ళు బిడ్డల్ని వెనక్కి లాక్కునేవాళ్ళు. అది అంటుకునేది కాదని డాక్టరు చెప్పాడని ఆమే అంది. పదిహేనేళ్ళుగా పౌడరుతో దాస్తోందట. బడిలో ఎవరికీ తెలియదు. హుబ్బళ్ళిలో ఒకడు అమ్మే పౌడరు సరిపోయేది, ఆ అంగడి మూతపడింది, డబ్బా అడుగుకు వచ్చింది.

నుదుటి మీద వేలు పెట్టి చూపింది. "ఈ రంగు కావాలి." చెంప మీద పెట్టింది. "ఇక్కడికి."

"అట్లాంటిది యాడా అమ్మరు టీచరమ్మా. కలపల్ల" అన్నాను. జాలి కంటే ముందు నాకు తట్టింది ఇంట్లో మిగిలిన ఇరవై దొరసాని డబ్బాలు. నన్ను నేను ఎంత మంచిగా రాసుకోవాలన్నా ఆ సంగతి దాచలేను.

గులాబీ పౌడరులో ముల్తానీ మట్టి వేశాను. గుమ్మడిపండు రంగు వచ్చింది. గోడలకు పూసే జాజును గుడ్డలో జల్లించి కలిపాను. ఎరుపు తిరిగింది. చందనం పొడి వేస్తే కొంచెం నిమ్మళించింది గానీ ఎండలో చూస్తే ఇటుకే. వక్కాకు అంగడిలో ఒకసారి కాచు నూరుతుంటే తట్టింది. తాంబూలంలో వేసుకునే కాచును పెనం మీద కొంచెం వేడిచేసి, మెత్తగా నూరి, చిటికెడు వేశాను. ఎరుపు లోపలికి పోయింది. మనిషి చర్మం రంగు వచ్చింది.

ఇవన్నీ ఒక రోజులో అయినవి కావు. నాలుగైదు ఆదివారాలు పట్టాయి. కౌల్ బజారు నుంచి గాంధీనగర్ దాకా పొట్లాలు పట్టుకుని నడిచేదాన్ని. ఆమె గదికి తూర్పు కిటికీ ఒకటి. నన్ను ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టి, తను ఎదురుగా కూర్చుని, మణికట్టు లోపలి వైపు చాపేది. అక్కడ రాసి వెలుతురుకు తిప్పి చూసేవాళ్ళం. రంగు కుదిరినట్టు కనిపించినా మొహానికి ముట్టించనిచ్చేది కాదు.

"రేపటిదాకా ఆగాలి. చర్మం జవాబు చెప్పడానికి ఒక రోజు తీసుకుంటుంది" అనేది.

మూడో ఆదివారం ఆమె నా గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వైపు తిప్పింది. అమ్మ పోయాక నా మొహాన్ని ఇంకొక చెయ్యి ముట్టుకోవడం అదే. ఆమెకు అది లెక్కలోది కాదు, పలక మీద సున్నా ఎలా వేశారో చూసే పంతులమ్మ చూపు అది. నేను మాత్రం ఆ చెయ్యి తీసేదాకా కదల్లేదు.

"ఒక వారం దీనికేమీ రాయొద్దు. వట్టి నీళ్ళు. తరవాత చూద్దాం, ఇది ఏం అడుగుతుందో."

వారం రోజులు వట్టి మొహంతో అంగట్లో కూర్చోవడానికి సిగ్గుపడ్డాను. నాయన రెండో రోజు "జరమొచ్చిందేందిమే" అని నుదురు చూడబోయాడు. నాలుగో రోజుకు పొట్టు లేచిన బుగ్గలు సర్దుకున్నాయి. ఏడో రోజు అద్దంలో చూస్తే అప్పుడే వలిచిన చింతపండు రంగు కనిపించింది. అదీ నా రంగు. ఏం గొప్పగా లేదు. నాదని తెలిశాక కొంచెం ముచ్చటగానే ఉంది.

నా చర్మం ఎండుబారినదని ఆమె తేల్చింది. స్నో రాస్తే మొదట చల్లగా ఉండి తరవాత లాగేది అందుకేనట. మా బావి ఉప్పునీళ్ళకు తోడు రోజుకు రెండుసార్లు సబ్బు రుద్దడం నా తప్పు. కొబ్బరినూనె నుదుటికి పడదు, అక్కడే పొక్కులు. సెనగపిండిలో మీగడ కలిపి రుద్దుకుంటే పడింది. చలిగాలుల నెలల్లో పడుకునే ముందు కోల్డ్ క్రీము, బఠాణీ గింజంత, అంతకు మించి వద్దు. ఆమె చర్మానికి మీగడ పడేది కాదు. "నాకు పడింది నీకు పడాలని యాడా లేదు" అనేది. నా మాట ఆమెకు అంటుకుని, ఆమె 'బేడ' నాకు అంటుకున్న రోజులవి. ఇన్నేళ్ళయినా కొత్త సీసా ఏది వచ్చినా మణికట్టు లోపల రాసుకుని ఒక రోజు ఆగుతాను. అయితే ఆ ఒక రోజు తర్వాత, ఏమైంది, పడిందా అని అడిగేవాళ్ళు కావాలి. అది ఏ అంగట్లోనూ దొరకదు.

పొడి కుదిరాక ఆదివారాలు ఆగిపోవాలి. నాకు ఆ భయం పట్టుకుంది. అందుకని అంగడి బిడ్డకు తెలిసిన పనే చేశాను. డబ్బా నిండా కలిపి ఇవ్వకుండా, ఎనిమిది రోజులకు సరిపడా చిన్న పొట్లం కట్టి ఇచ్చాను.

"డబ్బా నిండా చేసిస్తే నీకు ప్రతి వారం ఇంత దూరం నడిచే పని తప్పుతుంది కదమ్మా" అంది టీచరమ్మ.

"పాతబడితే రంగు దిగుతాది టీచరమ్మా. వారం వారం కొత్తగా కలపల్ల."

దిగదు. గోడ మీద పూసిన జాజు ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆమె నమ్మింది. నాయన కూడా ఒక రోజు అడిగాడు, ఆ చిన్న పొట్లాలేందని.

"నిండా ఇస్తే మళ్ళీ రారు గదా నాయనా" అన్నాను.

"నా బిడ్డవు" అన్నాడు. ఆయన లాభం సంగతి అనుకున్నాడు. పొట్లానికి నేను తీసుకునేది రెండణాలు. గాంధీనగర్ దాకా అరిగిన చెప్పుల ఖరీదు కూడా రాదు.

ఏడాది తిరక్కుండా ఎండాకాలం సెలవులు వచ్చాయి. ఆమె రెండు నెలలు ఊరికి పోతోంది. చెల్లెలి పెళ్ళి. ఆ ఆదివారం పెట్టె సర్దుతూ అడిగింది.

"ఈసారి పొట్లం చాలదు. ఎట్ల కలపాలో చెప్పు, నేనే కలుపుకుంటా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. తనే కలుపుకోగలిగితే సెలవుల తర్వాత కూడా తనే కలుపుకుంటుంది. నేను ఏ పని మీద ఆ కిటికీ దగ్గర కూర్చోవాలి?

మా వీధిలో ఊదొత్తులు చేసేవాడు, పళ్ళపొడి అమ్మేవాడు, మసాలా కొట్టేవాడు, ఎవరూ కలిపేవన్నీ బయటపెట్టరు. అడిగితే చెప్తారు, ఒకటి వెనక ఉంచుకుని చెప్తారు. దాన్ని ఎవరూ అబద్ధం అనరు. అడిగినవాడు మళ్ళీ వస్తాడు, ఎక్కడో తగ్గిందప్పా అంటాడు, వీళ్ళు నవ్వుతారు. నాకూ అదే వచ్చు.

పౌడరు చెప్పాను. ముల్తానీ మట్టి, చందనం చెప్పాను. జాజు ఎంత వెయ్యాలో, ఎట్లా జల్లించాలో చెప్పాను. ఆమె చీటీ మీద కన్నడంలో రాసుకుంది.

"అంతేనా?"

"అంతే టీచరమ్మా."

పెన్సిలు పట్టుకుని ఇంకొకసారి నా వైపు చూసింది. "అంతేనా?"

"అంతే." కలిపిన పొడి పదిహేను రోజులకు సరిపడా ఒక పొట్లం, ఒక దొరసాని డబ్బా, జాజు, మట్టి, చందనం అన్నీ మూటకట్టి ఇచ్చి, దేనికీ డబ్బులు తీసుకోలేదు. మనసులో తక్కువున్నప్పుడు చేతిలో ఎక్కువ పెట్టడం కూడా అంగడివాళ్ళకు అలవాటే.

ఆ రెండు నెలలూ నేను ఉత్తరం కోసం చూశాను. పదిహేను రోజులకు పొట్లం అయిపోతుంది. తను కలుపుతుంది. ఎరుపు తిరుగుతుంది. ఎక్కడో తగ్గింది, ఏమిటో రాయి అని కార్డు వేస్తుంది. నేను కాచు సంగతి రాస్తాను. దాంతో పాటు ఇంకేం రాయాలో కూడా తయారు చేసుకున్నాను: బావిలో నీళ్ళు అడుగంటాయి, నా నుదురు నున్నబడింది, బుగ్గ మీద కొత్తగా ఒక పుట్టుమచ్చ కనిపించింది, అది మునుపటి నుంచీ ఉందో లేదో పౌడరు వల్ల తెలియలేదు. టపా మనిషి రోజూ మా అంగడి ముందు నుంచే పోయేవాడు. ఆగేవాడు కాదు. ఒక ఆదివారం ఊరకే గాంధీనగర్ దాకా నడిచి, తాళం వేసిన తలుపు చూసి వచ్చాను. ఎందుకు పోయావని నాయన అడిగితే, బాకీ ఉందన్నాను. ఎవరికి ఎవరు అని ఆయన అడగలేదు, మంచిదైంది.

బడులు తెరిచిన వారానికి ఆమె వచ్చింది. రెండు గంటల వేళ కాదు, సాయంత్రం ఐదింటికి, బజారు కిటకిటలాడే వేళ. కొంగు నడుముకు దోపి ఉంది. మొహం మీద ఏమీ లేదు. మెట్టు మీదున్న ఇద్దరు ఆడవాళ్ళు మాటలు ఆపి పక్కకు జరిగారు. ఆమె వాళ్ళు ఖాళీ చేసిన చోట నిలబడింది.

"పిన్నీసులు ఒక అట్ట ఇవ్వమ్మా."

ఇచ్చాను. "పెళ్ళి బాగా జరిగిందా టీచరమ్మా?"

"జరిగింది." కన్నడం కలవకుండా, ఒక్కో మాటా తూచినట్టు చెప్పింది. "నీ పొట్లం పెళ్ళికి ముందు తంతులకే అయిపోయింది. పెళ్ళి పొద్దున దీపం దగ్గర నేను కలిపాను, నువ్వు చెప్పినట్లే. దీపం దగ్గర బాగానే ఉండింది. పందిట్లో ఎండ పడేసరికి ఎర్రగా అయింది. నాకు తెలియలేదు. పెళ్ళికొడుకు మేనత్త చూసి, కుంకుమ పడిందేమో అనుకుంది. పాపం, ప్రేమగానే దగ్గరికొచ్చి, తన కొంగు తడిపి తుడిచింది."

పక్కనున్న ఆడవాళ్ళు వింటున్నారు. ఆమె వాళ్ళ వైపు చూడలేదు.

"ముహూర్తం అయ్యేదాకా నన్ను సామాన్ల గదిలో కూర్చోమన్నారు. కూర్చున్నాను. చెల్లెలి పెళ్ళి ఆగకూడదు కదా. అక్కడ బియ్యం మూటల మధ్య ఆ చీటీ తీసి మళ్ళీ చదివాను. నేనేం తప్పు చేయలేదు. నువ్వే ఒకటి చెప్పలేదు. కదా?"

నోరు తెరిస్తే అబద్ధాలు నాలుగైదు సిద్ధంగానే ఉన్నాయి. జాజు కొత్త రకం అయుంటుందనొచ్చు. అక్కడి నీళ్ళు వేరే అనొచ్చు. తల ఊపాను.

"అంగడోళ్ళు అన్నీ చెప్పరని నాకు తెలుసు. రెండుసార్లు అడిగింది అందుకే." పిన్నీసుల అట్ట సంచిలో వేసుకుంది. "నిన్ను అంగడి మనిషి అనుకోలేదమ్మా నేను."

ఆమె వెళ్ళాక గల్లా దగ్గర నుంచి నాయన అడిగాడు. "ఏం చెప్పలేదు నువ్వు?"

"కాచు."

ఆయన కాసేపు తక్కెడ పళ్ళెం తుడుస్తూ కూర్చున్నాడు. నాకు అండగా ఏదో అంటాడనుకున్నాను. "చిన్న పొట్లం కట్టిస్తే అది యాపారం మే. పెద్ద పొట్లమని చెప్పి చిన్నది ఇస్తే తూకం తక్కువ. ఈ అంగట్ల తూకం యెప్పుడూ తక్కువ పోలేదు" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఆ సంగతి ఎత్తలేదు.

ఆదివారం తెల్లవారి కూర్చుని, కాచుతో సహా అన్నీ వేసి, డబ్బా నిండా కలిపాను. మూడుసార్లు జల్లించాను. గాంధీనగర్ చేరేసరికి ఆమె వసారాలో చాప మీద పిల్లల లెక్కల కాగితాలు దిద్దుకుంటోంది. ఎప్పుడూ "బా, లోపలికి రా" అనే మనిషి, ఆ రోజు చాప అంచు చూపి "కూర్చో" అంది. మంచినీళ్ళు తెచ్చిచ్చింది. మర్యాదలో లోటు లేదు. నేను అన్నిటికంటే భయపడింది దానికే.

"కాచు, టీచరమ్మా. పెనం మీద వేడిచేసి, నూరి, చిటికెడు" అన్నాను. డబ్బా ముందు పెట్టాను.

"హౌదా, అట్లనా." మూత తీసింది. అలవాటు చొప్పున వేలితో కొంచెం తీసి మణికట్టు లోపల రాసి, ఎండకు తిప్పి చూసింది. "ఇదే రంగు. సరిగ్గా ఇదే." మూత పెట్టి డబ్బాను నా వైపు జరిపింది. "ఇప్పుడు నాకు బేడ. దాచేదేముంది, అందరూ చూసినారు. ఇక్కడ పిల్లలు రెండు రోజులు నోరు తెరుచుకుని చూసినారు. మూడో రోజు లెక్కలు అర్థం కాలేదన్నారు."

"నాది తప్పే."

"అవును" అంది. కోపంగా కాదు, లెక్క సరిగ్గా ఉంటే పక్కన గీత పెడతారే, అలా.

నేను లేవలేదు. నేను వచ్చింది డబ్బా ఇవ్వడానికి కాదు. ఆదివారాలు ఊరకే రావచ్చా అని అడగడానికి. పొడి లేకుండా, పని లేకుండా, వచ్చి ఆ కిటికీ దగ్గర కూర్చోవచ్చా అని. దారి పొడుగునా ఆ ఒక్క మాటనే సర్దుకుంటూ వచ్చాను. తీరా నోటి దాకా వచ్చేసరికి ఎలా అనాలో తెలియలేదు. చేతిలో సరుకు లేకుండా నేను ఎవరి దగ్గరా ఏదీ అడిగి ఎరగను. ఏదైనా కావాలంటే ముందు వద్దన్నట్టు నటించాలి, పక్క వస్తువు ధర అడగాలి, మెట్టు దిగబోవాలి. గల్లా పక్కన ఇన్నేళ్ళూ నేర్చుకున్నది అదే. అందుకే ఇలా అన్నాను:

"కోల్డ్ క్రీము కొత్త సరుకు వచ్చింది టీచరమ్మా. మీ చేతులకు పడుతాది. వచ్చే ఆదివారం తెచ్చియ్యల్లా?"

ఆమె ఎర్ర పెన్సిలు కాగితం మీద ఆపి, నన్ను ఒకసారి చూసింది. నేను అడగనిది ఆమెకు వినపడిందేమో అని ఇప్పటికీ అనుకుంటాను. వినపడి ఉంటే, మరి ఆ జవాబు దానికే.

"నీకెందుకమ్మా అంత దూరం. కావాల్సొస్తే నేనే అంగడికి వస్తా."

వచ్చింది కూడా. చలిగాలి మొదలైన నెలలో, ఒక సాయంత్రం, కోల్డ్ క్రీము అడిగింది. బేరమాడి తగ్గిస్తుందని, కాసేపు మాట నడుస్తుందని, అసలు ధరకు మూడణాలు ఎక్కువ చెప్పాను. ఆమె సంచిలో నుంచి చిల్లర తీసి, నేను చెప్పినంతా లెక్కపెట్టి గల్లా మీద పెట్టింది. మూడణాలు వెనక్కి ఇవ్వబోతే, "నువ్వు చెప్పిందే కదా" అంది. సీసాను సంచిలో నిలబెట్టి, జారకుండా చేతిగుడ్డ చుట్టి, మెట్టు దిగి గాంధీనగర్ వైపు నడిచింది.